రౌడీషీట్ ఎవరికి రహస్యం?

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ)లో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె) మారిన దగ్గర్నుంచి పోలీసు రికార్డుల మీద పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఒక స్టేషన్‌లో ఎన్ని హిస్టరీ షీట్లు (నిఘా పెట్టిన మనుషుల మీద పోలీసులు రాసుకునే రికార్డులు, రౌడీషీట్ లాంటివి) ఉన్నాయి, వాటిలో ఎరుకల, లంబాడ కుటుంబాల వాళ్లవి ఎన్ని, ఏటా ఎన్ని మూసేస్తున్నారు అని అడిగితే, అదంతా వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపేస్తారేమోనని ఆర్టీఐ కార్యకర్తల టెన్షన్. వివరాలు బయటపడితే నిఘా పెట్టి లాభం ఉండదన్నది పోలీసుల వాదన.

కొన్ని తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం, ఆ ముద్ర పడ్డ ఎరుకల వాళ్లను ఉంచిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు, 1952లో ఆ చట్టం రద్దు... ఈ చరిత్ర పాఠకులకు తెలిసిందే. ఇవాళ్టి గొడవ ముడి మాత్రం 1980 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో పడింది.

అది పంజాబ్ నుంచి వచ్చిన మలక్ సింగ్ కేసు. తమ పేర్లను నిఘా రిజిస్టర్‌లో ఎక్కించే ముందు తమ మాట వినలేదని పిటిషనర్లు కోర్టుకెక్కారు. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. పౌర హక్కుల విషయంలో ఆయనకున్న పేరు తక్కువది కాదు. ఆ తీర్పులోనూ పోలీసులకు హద్దులు గీశారు. సహేతుకమైన నమ్మకం ఉంటేనే పేరు ఎక్కించాలన్నారు, మనిషి గౌరవానికి భంగం కలిగేలా నిఘా ఉండకూడదన్నారు. కానీ రిజిస్టర్ రహస్య పత్రమనీ, అందులో పేరున్న మనిషికైనా, బయటి జనానికైనా దాన్ని చూసే వీలు లేదనీ, పేరు ఎక్కించే ముందు అతని వాదన వినాల్సిన పనిలేదనీ కూడా తేల్చేశారు.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఊరి జనం చూడకూడదనడం వేరు, ఎవరి గురించి రాశారో ఆ మనిషే చూడకూడదనడం వేరు. మొదటిది అతనికి రక్షణ. రెండోది రాసినవాడికి రక్షణ. ఆ రోజు రెండింటికీ కలిపి ఒకే తాళం వేశారు.

అప్పటికి 18 ఏళ్ల ముందు, 1962లో ఖరక్ సింగ్ కేసులో ఇంకో తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు వేరే దారి చూపించారు. మెజారిటీ న్యాయమూర్తులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు తట్టడాన్ని మాత్రమే తప్పుపట్టారు. ఆయన అసమ్మతి తీర్పులో, మనిషి కదలికల్ని నీడలా వెంటాడటం కూడా స్వేచ్ఛను హరించడమేనని అన్నారు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పాక ఆయన మాటకే బలం వచ్చింది. కానీ స్టేషన్లలో నడిచింది 1980 పద్ధతే.

ఆచరణలో ఏం జరుగుతుందో బస్తీల్లో ఎవర్నడిగినా చెబుతారు. పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా ఫోన్ వస్తుంది. కౌన్సెలింగ్ పేరుతో స్టేషన్ ముందు వరసగా నిలబెడతారు, ఆ ఫొటోలు పేపర్లకెక్కుతాయి. ఇల్లు అద్దెకు దొరకదు, పిల్లల పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. షీట్ ఎందుకు తెరిచారో చెప్పే కాగితం ముక్క మాత్రం ఆ మనిషి చేతికి రాదు. వీధికంతా తెలిసిన సంగతి అతనొక్కడికే రహస్యం.

పోలీసు మాన్యువల్‌లోని స్టాండింగ్ ఆర్డర్ల (పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకునే ఆదేశాల) ప్రకారం షీట్‌ను డిసెంబరు నెలాఖరు దాటి కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు ఉందో లేదో సామాన్యుడు కనుక్కోవాలంటే హైకోర్టు మెట్లెక్కడమే దారి. 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, స్టాండింగ్ ఆర్డర్లు చట్టం కావనీ వాటి ఆధారంగా రౌడీషీట్లు తెరవడం కుదరదనీ చెప్పింది. వివాదం అక్కడితో తెగలేదు.

మళ్లీ కదలిక వచ్చింది 2024 మే 7న. ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ మీద పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, అందులో మైనర్లయిన ఆయన పిల్లల వివరాలు కూడా రాశారు. ఆ కాగితం బయటికి పొక్కిందని ఆయన ఫిర్యాదు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. అయినా తండ్రి షీట్‌లోకి పిల్లల పేర్లు వచ్చి చేరాయి. జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం ఆ ఒక్క కేసుతో ఆగలేదు. హిస్టరీ షీట్ పోలీసుల అంతర్గత పత్రమే తప్ప జనంలోకి రావాల్సింది కాదని, ఆశ్రయమిచ్చిన ఆధారం లేకుండా మైనర్ల పేర్లు రాయకూడదని ఢిల్లీ పోలీసులు మార్చుకున్న నిబంధనల్ని చూసి, అన్ని రాష్ట్రాలూ ఆ దారిలో ఆలోచించాలని చెప్పింది. విముక్త జాతుల (ఒకప్పుడు నేరస్థ తెగలన్న ముద్ర పడ్డ) వాళ్లను కులాన్ని బట్టే ఈ రికార్డుల్లోకి ఎక్కిస్తున్నారన్న ఆరోపణను ప్రస్తావించింది. పెద్ద అధికారి ఒకరు షీట్లను ఎప్పటికప్పుడు తనిఖీ చేసే ఏర్పాటు ఉండాలంది.

ఎమ్మెల్యేకు సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్థోమత ఉంది. పాత సెటిల్‌మెంటు ఊళ్లయిన కప్పరాళ్లతిప్పలోనో స్టువర్టుపురంలోనో తాత పేరు మీదుగా అనుమానితుడైన కుర్రాడికి ఏముంది? అతని తరఫున ఎవరో ఒకరు ఆర్టీఐ దరఖాస్తు పెట్టడమే అతనికున్న ఆసరా.

ఆ ఆసరాకే ఇప్పుడు చిక్కొచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ద్వారా 8(1)(జె)కి చేసిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా అకారణంగా గోప్యతకు భంగం కలిగించే వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు. శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న నిబంధన కూడా పోయింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) ఇంకా ఉంది కానీ, నిర్ణయించేది అధికారే.

పోలీసుల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. ఫలానా మనిషి మీద నిఘా ఉందని బజార్లో చాటితే నష్టమే, ముఖ్యంగా అతని పిల్లలకు. కానీ కార్యకర్తలు అడుగుతున్నవి పేర్లు కావు, లెక్కలు. తనిఖీ చేసే అధికారిని వేశారా, పోయిన డిసెంబరులో ఎన్ని షీట్లు మూశారు, ఎంతమంది పిల్లల పేర్లు కొట్టేశారు అని. పేర్లు తీసేసి మిగతాది ఇవ్వడానికి అదే చట్టంలో సెక్షన్ 10 ఉంది. దాన్ని 2023 చట్టం ముట్టుకోలేదు.