ఆ గెంతుకు రెండు మార్కులు

కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లవాణ్ణి "ఏదీ నాన్నా, ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతు" అని డాక్టరు అడిగితే, వెంట వచ్చిన అమ్మమ్మకు ఒళ్లు మండుతుంది. సూళ్లూరుపేట నుంచో నెల్లూరు నుంచో రైలెక్కి చెన్నై ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రిదాకా వచ్చింది ఇందుకా అనిపిస్తుంది. కానీ ఆ గెంతుకు రెండు మార్కులున్నాయి.

2002లో మదన్ సామ్యూల్ అనే సర్జన్ 4 నుంచి 15 ఏళ్ల పిల్లలు 1,170 మందిని పరిశీలించి, పిల్లల అపెండిసైటిస్‌ను (పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ వాచడాన్ని) గుర్తించడానికి ఒక స్కోరు తయారుచేశారు. మొత్తం పది మార్కులు. గెంతినా దగ్గినా పొత్తికడుపు కుడిపక్క నొప్పి పుడితే రెండు, అక్కడే నొక్కితే నొప్పెడితే మరో రెండు. ఆకలి చచ్చిపోవడం, వాంతులో వికారమో, జ్వరం, రక్తంలో తెల్లకణాలు పెరగడం, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువ కావడం, నొప్పి చోటు మారడం: వీటికి ఒక్కొక్కటి.

చివరిది చిత్రమైనది. గట్టిపడిన మలం ముక్క అడ్డుపడో, లోపలి గ్రంథులు వాచో అపెండిక్స్ దారి మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది. దాని నరాలు వెన్నుపాములో చేరేది బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలు చేరే చోటికే. అందుకే పిల్లలు ముందు బొడ్డు చూపిస్తారు. వాపు కడుపు లోపలి పొరకు తాకాకే నొప్పి కుడివైపు దిగుతుంది. ఆ పొర కాస్త కదిలినా భరించలేరు, గెంతించేది అందుకే.

మార్కులు మరీ తక్కువైతే వేరే కారణం వెతుకుతారు, ఏడు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సర్జన్‌ను పిలుస్తారు, మధ్యలో ఉంటే అల్ట్రాసౌండ్. నొప్పి ఎక్కడో చెప్పలేని చంటిపిల్లల దగ్గర ఈ లెక్క అంతగా సాగదు.

ఇక తల్లిదండ్రుల టెన్షన్ వేరు. "ఎనిమిదొచ్చిందంటున్నారు, బాబు ఎన్నాళ్లకు కోలుకుంటాడండీ?" స్కోరు పుట్టింది జబ్బును గుర్తించడానికి, కోలుకునే రోజులు లెక్కగట్టడానికి కాదు. ఎనిమిది వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆపరేషనైన మర్నాడో ఆ మర్నాడో ఇంటికి పోవచ్చు. ఇంకొకరు రోజుల తరబడి సెలైన్ గొట్టంతో ఉండొచ్చు. తేడా తెచ్చేది అపెండిక్స్ పగిలిందా లేదా అన్నది. పగిలితే చీము కడుపులో పాకుతుంది, ఆపరేషన్ తర్వాత కూడా చీముగడ్డ కట్టే భయం ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి నొప్పి మొదలై ఎన్ని గంటలైంది, రక్తంలో సీఆర్‌పీ (వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) ఎంత, స్కానింగ్‌లో ఏం కనిపించింది అన్నవే నాకు ఎక్కువ పనికొచ్చేవిగా తోస్తాయి.

పగలకపోతే కత్తి లేకుండా యాంటీబయాటిక్స్‌తోనూ ప్రయత్నించవచ్చు. 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఈ దారి ఎంచుకున్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో సుమారు 67 శాతం మందికి ఏడాదిపాటు ఆపరేషన్ అవసరం పడలేదు. జబ్బు వల్ల వాళ్లు పోగొట్టుకున్న రోజులు సగటున 6.6, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు 10.9. అయితే అపెండిక్స్‌లో గట్టి మలం ముక్క ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టారు. అది ఉంటే మందులు విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఇంట్లో వాము నీళ్లతో కాసేపు చూస్తే చూశారు గానీ, ఇలాంటి నొప్పికి ఆముదం మాత్రం పట్టించకండి. పేగుల్ని కదిలించే మందు అపెండిక్స్ పగిలే ముప్పును పెంచవచ్చు. విలవిల్లాడిన పిల్లవాడు ఉన్నట్టుండి "తగ్గింది" అన్నా ఆసుపత్రి ప్రయాణం మానుకోకూడదు. పగిలిన కొత్తలో లోపలి ఒత్తిడి దిగి కాసేపు హాయిగా అనిపిస్తుంది, ఆ తర్వాత కడుపంతా బిగుసుకుంటుంది.