మ్యాప్‌లో నీలి గీత ఉంటే అక్కడ వాగున్నట్టేనా?

అక్టోబరు వచ్చిందంటే ప్లాట్లు కొన్నవాళ్ల ఫోన్లు మొదలు. "సార్, మ్యాప్‌లో మా ప్లాటు మధ్యలోంచి నీలి గీత పోతోంది, వాగులో కొన్నామా?" 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కోసుకుపోవడం చూసినవాళ్లకు ఆ టెన్షన్ ఉంటుంది, తప్పులేదు. నా విసుగంతా స్క్రీన్‌షాట్‌కి ఎర్ర బాణాలు పెట్టి వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీదే.

అపోహ: సాఫ్ట్‌వేర్ గీత గీసిందంటే అక్కడ వాగు ఉంది.

వాస్తవం: ఆ గీత ఒట్టి లెక్క. నేల ఎత్తుల్ని గడులు గడులుగా రాసిపెట్టిన డిజిటల్ మ్యాప్‌ని డెమ్ అంటారు, ఇక్కడ వాడే డెమ్‌లో ఒక్కో గడి 30 మీటర్లు. పైనుంచి ఎన్ని గడుల నీళ్లు దిగితే వాగు అనాలో చెప్పేది మనమే. వంద అంటే 22 ఎకరాలకే వాగు పుడుతుంది, వెయ్యి అంటే 222 ఎకరాలు కావాలి, ఆ అంకె మారిస్తే మీ ప్లాటులో వాగు మాయం. పైగా ఆ డెమ్‌కి ఆధారమైన ఎస్ఆర్‌టీఎమ్ (స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో చేసిన సర్వే) కొలతలు 2000 ఫిబ్రవరివి, ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. ఇందుకూరుపేట లాంటి బల్లపరుపు నేలలో పక్క పక్క పొలాలకు అడుగు తేడా కూడా ఉండదు, నీళ్లు ఎటు పోవాలో సాఫ్ట్‌వేర్‌కేం తెలుస్తుంది? టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు), ఎఫ్ఎంబీ (రెవెన్యూ వాళ్ల పొలం కొలతల పటం) చూడండి, వాన పడ్డాక వెళ్లి నిలబడండి. గీత లేదని సంబరపడొద్దు కూడా.

నేనూ బోర్లా పడ్డవాణ్ణే. ఉదయగిరి వైపు నీళ్లు ఎటు పారతాయో చెప్పే కంప్యూటర్ మోడల్ ఒకటి కడుతూ ఫిల్ సింక్స్ కొట్టాను. గుంటలు పూడ్చే కమాండ్ అది, దానికి గుంటకీ చెరువుకీ తేడా తెలియదు. చెరువుని చదును చేసేసి, కట్ట కాస్త పల్లంగా ఉన్నచోట నీళ్లు దాటించేసింది. ఆ ప్రింటు చూసి కట్ట మీద కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "కట్ట మీద నీళ్లు పోతే కింద ఊరుంటదా అబ్బయా? కలుజు ఆ కొసన ఉండాది, రా చూపిస్తా." కలుజంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి. ఆ నీళ్లు దిగేది పక్క వాగులోకి. నేనేమో నీళ్లు రాని వాగుకి రెండు చెక్‌డ్యాములు రాసుకున్నాను.

అపోహ: డ్రోన్ సర్వే చేయిస్తే అన్నీ సరిపోతాయి. సరిపోవు. రోడ్డు కట్ట దానికి ఆనకట్టలా కనిపిస్తుంది, కింద ఉన్న కల్వర్టు కనపడదు.

అపోహ: మోడలంటే అంకెలు. ముందు నీళ్లు ఎక్కడ ఆగి ఎటు దాటుతున్నాయో బొమ్మ కుదరాలి, అంకెలు తర్వాత.

మొన్న ఫోన్ చేసినాయన ప్లాటుకి వెళ్లి చూశాను, గీత అబద్ధమే. పక్క రోడ్డు కింద కల్వర్టు మాత్రం మట్టితో సగం పూడుకుపోయింది. ఆయన పంపిన పద్నాలుగు ఫోటోల్లో అది ఒక్కదాంట్లోనూ లేదు.