బీపీ కథ పెళ్ళి దగ్గర మొదలవుతుంది

విశాఖలో మా వీధి మొదట్లో పూలమ్మే పెద్దమ్మని పోయిన ఎండాకాలంలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆవిడ చిన్నకొడుకు షిప్పు పనికి వెళ్ళిపోయాడు, పెద్దాడు కాపురం గాజువాకలో, ఇంక తోడు వెళ్ళేవాళ్ళు లేక నన్నడిగింది. పొద్దున్న 7 గంటలకి ఓపీ చీటీ రాయించుకుని కూర్చుంటే 11కి పిలిచారు. డాక్టర్ గారు బీపీ చూశారు, పై నంబరు 170 దాటేసింది. "మందులు వేసుకుంటున్నావా అమ్మా" అన్నారు. పెద్దమ్మ "మా చిన్నోడి పెళ్ళయిన కాడ్నించి బాబూ..." అని మొదలెట్టింది. అంతే, ఆయన "పెళ్ళి సంగతి కాదమ్మా, మందుల సంగతి చెప్పు" అన్నారు, ఆవిడ "ఏసుకుంతన్నాను బాబూ" అంది, ఆయన డోసు పెంచి రాసిచ్చారు, బయటికొచ్చేశాం. ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు, తలుపు అవతల ఇంకా 80 మంది దాకా ఉన్నారు, ఆయన పొద్దున్నుంచి టీ కూడా తాగినట్టు లేదు.

మిగతా కథ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది. పెళ్ళికి అప్పయింది. ఇదివరకు ఎవరో తెచ్చి ఇస్తే అమ్ముకునేది, అప్పు తీర్చాలి కదా, నాలుగు రూపాయలు మిగుల్తాయని తనే తెల్లారి 4 గంటలకి మార్కెట్‌కి వెళ్ళి పూలు తెచ్చుకోవడం మొదలెట్టింది. ఆవిడ బిళ్ళల్లో ఒకటి ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలోంచి బయటికి పంపేసే రకం, అది వేసుకుంటే గంటకోసారి వెళ్ళాలి, అక్కడ ఆడాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు. "అందుకే మార్కెట్టుకెల్లిన రోజున ఆ బిళ్ళ ఏసుకోనమ్మా" అంది. వారానికి ఆరు రోజులు మార్కెట్‌కి వెళ్తుంది.

అంటే డోసు చాలక పెరిగిన బీపీ కాదు అది, బిళ్ళ అసలు ఒంట్లోకే వెళ్ళట్లేదు. పెళ్ళి, అప్పు, మార్కెట్, చోటు లేకపోవడం, మానేసిన బిళ్ళ, 170, ఇవన్నీ ఒక దండలో పూలు, ఆవిడ మొదటి పువ్వు పట్టుకుని ఇవ్వబోతే మనం ఆఖరి పువ్వు మాత్రం తెంపుకున్నాం.

ఇది మన ఊరికే ఉన్న జబ్బు అనుకోకండి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అని ఇద్దరు 74 ఓపీ సంభాషణలు రికార్డు చేసి విన్నారు, పేషెంటు నోరు తెరిచాక సగటున 18 సెకన్లకి డాక్టరు మధ్యలో అందుకుంటున్నారని తేలింది. 2018లో ఇంకో బృందం అదే లెక్క తీస్తే మధ్యలో ఆపిన చోట్ల అది 11 సెకన్లకి దిగిపోయింది. నాకు వీటికంటే ముఖ్యమనిపించింది మొదటి స్టడీలోనే ఉన్న ఇంకో సంగతి, ఎవరూ ఆపకుండా వదిలేసినవాళ్ళలో చాలామంది నిమిషం లోపలే ముగించేశారు, రెండున్నర నిమిషాలు దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. పేషెంటుని మాట్లాడనిస్తే పొద్దుగూకుతుందనే భయం ఉంటుంది కదా, ఆ భయానికి లెక్కల్లో పెద్దగా ఆధారం కనపడలేదు.

అమెరికాలోనే కొలంబియా యూనివర్సిటీలో రీటా ఛారన్ అనే ఫిజీషియన్ ఉన్నారు, ఆవిడ డాక్టరుగా ప్రాక్టీస్ చేస్తూనే వెళ్ళి ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశారు. కారణం సింపుల్, రోజంతా నేను చేసే పని కథలు వినడం, కథ ఎలా వినాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు అనిపించిందట. 2000లో అక్కడ న్యారేటివ్ మెడిసిన్, అంటే పేషెంటు కథ వినడం నేర్పే వైద్యం, అనే ప్రోగ్రాం మొదలెట్టారు. మెడికల్ స్టూడెంట్లతో ఆవిడ చేయించే పనుల్లో నాకు బాగా నచ్చింది పక్క కేస్‌షీట్. అసలు కేస్‌షీట్‌లో రాయడానికి వీల్లేనివి, అంటే ఆ పేషెంటుని చూస్తే మీ తాతయ్య గుర్తొచ్చాడనో, ఆవిడ ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలీలేదనో, అవన్నీ మామూలు భాషలో ఇంకో కాగితం మీద రాసి, వారానికోసారి గుంపుగా కూర్చుని పైకి చదవడం. క్రియేటివ్ రైటింగ్ క్లాసులాగే ఉంటుంది, కానీ పని మాత్రం వైద్యం పనే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది, ఆంధ్రా యూనివర్సిటీ 1926లో. చాలా ఏళ్ళు ఆ మెడికల్ కాలేజీ ఈ యూనివర్సిటీ కిందే ఉండేది, అంటే తెలుగు శాఖలో కథల మీద పరిశోధన చేసేవాళ్ళకీ మహారాణిపేటలో శవాల మీద అనాటమీ నేర్చుకునేవాళ్ళకీ ఒకే ముద్ర ఉన్న పట్టాలు. 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ వచ్చాక మెడికల్ కాలేజీలన్నీ అటు వెళ్ళాయి. పరిపాలనకి అది మంచిదే అయ్యుండొచ్చు, దాని మీద నాకు తగువు లేదు. కానీ ఈ రెండు చోట్లకీ మధ్య ఆటోలో పది నిమిషాలు, ఆ పది నిమిషాల దారిలో ఎవరూ అటూ ఇటూ నడవట్లేదేమో అన్నది నా బాధ.

విచిత్రం ఏంటంటే సరిగ్గా అదే 1986లో డల్లాస్‌లో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, శాండ్రా బీల్ అనే స్టూడెంటుతో కలిసి ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లలు 46 మంది, రోజుకి 15 నిమిషాలు, నాలుగు రోజులు. కొందరు తమ జీవితంలో మనసుని బాగా కలచివేసిన సంగతి గురించి రాయాలి, కొందరు గది ఎలా ఉంది, చెప్పులు ఎలా ఉన్నాయి లాంటి ఉత్తి సంగతులు రాయాలి. తర్వాత ఆర్నెల్లు చూస్తే, జరిగిందీ దాని గురించి మనసులో ఉన్నదీ రెండూ కలిపి రాసినవాళ్ళు క్యాంపస్ డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్ళకి హాయిగా లేదు, ఇంకా దిగులు పడ్డారు, ఈ ముక్క చాలామంది చెప్పరు.

అక్కడ్నించి వందల స్టడీలు వచ్చాయి. 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఆస్తమా, కీళ్ళవాతం ఉన్న 112 మంది మీద వచ్చింది, నాలుగు నెలల తర్వాత మనసుని కలచివేసిన సంగతి రాసినవాళ్ళలో 47 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనపడింది, మామూలు సంగతులు రాసినవాళ్ళలో 24 శాతం మందికే. 2013లో న్యూజిలాండ్‌లో ఇంకా ఆశ్చర్యంగా చేశారు, 64 ఏళ్ళు, ఆపైన ఉన్న పెద్దవాళ్ళు 49 మందితో మూడు రోజులు రాయించి, రెండు వారాల తర్వాత చేతి మీద 4 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి అది ఎలా మానుతోందో ఫొటోలు తీస్తూ వచ్చారు. 11వ రోజుకి మనసులోది రాసినవాళ్ళలో 76 శాతం మందికి గాయం మానింది, రెండో గుంపులో 42 శాతం మందికి.

ఇంత చదివి కాగితం పట్టుకుని ఇన్‌హేలర్ పక్కన పడేస్తారేమో, దయచేసి ఆ పని చెయ్యకండి. ఆస్తమా మీద తర్వాత చేసిన స్టడీల్లో ఆ ఫలితం అలాగే నిలబడలేదు. 2006లో ఫ్రాటరోలీ అనే పరిశోధకురాలు 146 స్టడీలు కలిపి చూస్తే సగటున ప్రయోజనం ఉంది, కానీ అది చిన్నది. చిన్నదే అయినా ఖర్చు ఒక పెన్నూ కాగితమూ అయినప్పుడు ఆ చిన్నది లక్షల మందికి అందితే ఎంతవుతుంది అన్నదే ప్రజారోగ్యం వాళ్ళు వేసుకునే లెక్క, టీకా దగ్గర్నుంచి అయోడిన్ ఉప్పు దాకా వాళ్ళు ఆలోచించేది అలాగే.

ఎందుకు పని చేస్తుంది అన్నది ఇంకా తెగని చర్చ. పెన్నెబేకర్ వాళ్ళు కంప్యూటర్‌తో ఆ రాతల్లో పదాలు లెక్కపెట్టారు. బాగుపడినవాళ్ళలో, మొదటి రోజు నుంచి చివరి రోజుకి కారణం చెప్పే మాటలూ, అర్థమైంది, తెలిసొచ్చింది లాంటి మాటలూ పెరుగుతూ వచ్చాయట. మొదటి రోజు అంతా ముద్దలా ఉంటుంది, ఇది జరిగింది అది జరిగింది, మూడో రోజుకి "ఎందుకంటే", "అందుకే" వచ్చి కూర్చుంటాయి. ఇది చదివినప్పుడు నాకు ఆటోలో పెద్దమ్మ గొంతు వినపడింది. ఆవిడ "అందుకే" అంది చూడండి, మందు అంతా ఆ మాటలో ఉంది.

కానీ ఆ పదాల లెక్క ఇంగ్లీషుకి కుదిరినట్టు మనకి కుదరదు. వాళ్ళు "నేను" అనే పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు, మనం "వెళ్ళాను, తిన్నాను, ఏడ్చాను" అంటాం, నేను అన్నది క్రియ చివర దాక్కుని ఉంటుంది, కంప్యూటరుకి సున్నా కనపడుతుంది. ఇంకో స్టడీ ఉంది, 2008లోది, గుండె బలహీనపడ్డవాళ్ళతో, వాళ్ళ జీవిత భాగస్వాములతో మాట్లాడినప్పుడు, ఆ భాగస్వామి రోగినీ కలుపుకునే బహువచనం ఎక్కువ వాడితే ఆర్నెల్లలో రోగి పరిస్థితి మెరుగ్గా ఉందని. ఇంగ్లీషులో దానికి ఒకటే మాట. మనకి రెండున్నాయి, మేం, మనం. భర్తతో "మనం ఉప్పు తగ్గించాలి" అనే భార్య, పరిశోధకుడితో "మేం తగ్గించాం" అంటుంది, వాడుకలో ఆ మాట కూడా వదిలేసి ఉత్తి "తగ్గించాం" అంటే అది మేమో మనమో చుట్టూ ఉన్న కథ తెలిస్తేనే తెలుస్తుంది. ఆరోగ్యం పోస్టర్ మీద ఈ రెండిట్లో ఏది రాస్తే జనం ఎక్కువ వింటారు? తెలుగు తెలిసినవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చుంటేనే జరిగే పని ఇది.

అరకు, పాడేరు వైపు వెళ్తే ఇది ఇంకా చిక్కు. అక్కడ ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, కువి మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళ మాట తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషు కేస్‌షీట్‌లోకి, అంటే కథ రెండుసార్లు కుదించుకుపోతుంది. మైదానంలోనే "వేడి చేసింది" అన్న మాటని కేస్‌షీట్‌లో ఏమని రాస్తారు? మూత్రంలో మంట కావచ్చు, నోటిపూత కావచ్చు, కళ్ళ మంట కావచ్చు, నిన్న తిన్న మామిడిపండు మీద అనుమానం కావచ్చు. ఆ మాట అన్న మనిషికి కారణం కూడా చెప్పేశానన్న తృప్తి, విన్నాయనకి ఏమీ చెప్పలేదన్న విసుగు.

కథని మందులాగే పరీక్షించిన ఒక స్టడీ మన పెద్దమ్మ జబ్బు మీదే ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో, 2011లో ప్రచురించారు. బీపీ ఉన్న నల్లజాతి పేషెంట్లు 299 మంది. ముందు ఆ చుట్టుపక్కల బీపీ ఉన్నవాళ్ళలోనే కథ బాగా చెప్పగలిగేవాళ్ళని వెతికి, వాళ్ళు మందులు ఎలా మానేశారో, మళ్ళీ ఎలా దారిలో పడ్డారో వాళ్ళ నోటితోనే చెప్పించి డీవీడీలు చేశారు. సగం మందికి అవి ఇచ్చారు, మిగతావాళ్ళకి వేరే ఆరోగ్య విషయాల డీవీడీలు. మొదట్లో బీపీ అదుపులో లేనివాళ్ళని చూస్తే, మూడు నెలలకి కథలు విన్నవాళ్ళలో పై నంబరు రెండో గుంపు కన్నా 11 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఒక్కో బీపీ బిళ్ళ ఇచ్చే ప్రయోజనం అంత ఉంటుంది సుమారుగా. చెప్పింది డాక్టర్ కాదు, సినిమా నటుడు కాదు, వాళ్ళ వీధిలో మనిషి.

టాంజానియాలో 1993లో కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్ మీద రేడియో నాటకం మొదలెట్టినప్పుడు డొడొమా ప్రాంతంలో రెండేళ్ళు ఆ నాటకం రాకుండా ఆపి, విన్న ప్రాంతాలతో పోల్చి చూశారు, విన్నచోట కుటుంబ నియంత్రణ పాటించేవాళ్ళు పెరిగారు. మన దగ్గర బుర్రకథలతో కుటుంబ నియంత్రణ ప్రచారం ఎన్నేళ్ళ నుంచో ఉంది, ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. కళ మనకి కొత్త కాదు, విన్న ఊరినీ వినని ఊరినీ పక్కపక్కన పెట్టి కొలవడం, అదీ కావాలి.

కథకి సైడ్ ఎఫెక్టులూ ఉంటాయి, అందుకే కొలవాలంటున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో కరెంటు లేని రోజుల్లో వచ్చినవాళ్ళందరూ "ఆ రోజు ఏమైందో చెప్పండి, చెప్తే తేలికపడతారు" అని అమ్మని అడిగేవారు, అమ్మ చెప్పేది, చెప్పిన ప్రతిసారీ చేతులు వణికేవి. తర్వాత చదివాను, బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ళని కొన్నాళ్ళలోపే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించిన స్టడీలో, 13 నెలల తర్వాత చెప్పించినవాళ్ళలో 26 శాతం మందికి ఆ భయం జబ్బుగా మిగిలిపోయింది, చెప్పించని వాళ్ళలో 9 శాతం మందికి. మొదట్నుంచీ ఆ గుంపులో గాయాలు కొంచెం తీవ్రంగా ఉన్నాయన్నది నిజమే, అయినా పుండు పచ్చిగా ఉన్నప్పుడు గోకకూడదన్న జాగ్రత్త ఇక్కడా అవసరం. అమ్మ తనంతట తను పాల లెక్కల పుస్తకం వెనక నాలుగు పేజీలు రాసుకుంది, అది సంక్రాంతి దాటాక. రాస్తున్నప్పుడు భరించలేకపోతే ఆపెయ్యాలి, ఎవరూ బలవంతం చెయ్యకూడదు.

పెద్దమ్మకి రాయడం రాదు. అందుకని తర్వాతిసారి వెళ్ళేటప్పుడు ఆవిడ చెప్పింది చెప్పినట్టు నేనే ఒక కాగితం మీద రాశాను, ఎనిమిది లైన్లు వచ్చింది, పెళ్ళి దగ్గర్నుంచే మొదలెట్టాను. వేరే డాక్టరమ్మ ఉన్నారు ఆ రోజు. ఆవిడ కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "మార్కెట్ నుంచి ఇంటికి ఎన్నింటికి వస్తావమ్మా" అని అడిగారు. 10కి అంది. పెంచిన డోసు పాతదానికి తగ్గించి, ఆ బిళ్ళ ఇంటికొచ్చాక వేసుకోమని టైం మార్చి రాశారు, మూడు వారాల్లో మళ్ళీ రమ్మన్నారు. రోజూ వేసుకుంది, మూడు వారాలకి పై నంబరు 146.

నిన్న సాయంత్రం మల్లెపూలకని ఆగితే మూర కొలుస్తూ అడిగింది, మోకాళ్ళ నొప్పుల గురించి కూడా ఒక కాగితం రాసిపెట్టమని. ఎప్పట్నుంచి నొప్పి పెద్దమ్మా అంటే, "అది సెప్పాలంటే మా పెద్దోడు పుట్టిన కాడ్నించి రాయాలమ్మా" అంది. ఆదివారం వస్తానని చెప్పాను.