లేటవుతోందని చెబితే పరువు పోతుందా? టీమ్ లీడర్ల అపోహలు, వాస్తవాలు

విశాఖలో గాజువాక ఆటోనగర్ నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా ఏ సైటుకి వెళ్ళినా, కొత్తగా లీడ్ అయిన కుర్రాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడిగేది ఒకటే. "గురువుగారూ, పని వెనకబడింది. పైవాళ్ళకి ఇప్పుడే చెప్పాలా, కాస్త సర్దుకున్నాక చెప్పాలా?" ప్లాంట్ షట్‌డౌన్లు (రిపేర్ల కోసం ప్లాంట్ ఆపి చేసే పనులు), పైపింగ్ పనులు నడిపించడం నా వృత్తి. ఈ ప్రశ్న వెనకున్న అపోహ వల్ల పోయినంత డబ్బు, నిద్ర మరి దేనివల్లా పోవడం నేను చూడలేదు. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: లేటని చెబితే చేతకానివాడు అనుకుంటారు.

వాస్తవం: ఆలస్యం ఎవరి పనిలోనైనా జరుగుతుంది. చేతకానివాడనే పేరు వచ్చేది దాన్ని ఆఖరి రోజున బయటపెట్టినప్పుడు. పది రోజుల ముందు చెబితే ఇంకో వెండర్‌ని చూడొచ్చు, ఇంకో షిఫ్టు వేయొచ్చు, పనుల వరస మార్చొచ్చు, క్లయింటుతో మాట్లాడొచ్చు. ముందురోజు రాత్రి చెబితే ఇవేవీ కుదరవు.

పరవాడ వైపు ఒక షట్‌డౌన్‌లో ఇలాగే ఒక వాల్వ్ ఇన్‌స్పెక్షన్‌లో రిజెక్ట్ అయింది. ఆ పని చూస్తున్న కుర్రాడు ఎవరికీ చెప్పలేదు. వెండర్ వెంటపడ్డాడు, ఆదివారాలు ఓవర్‌టైమ్ పెట్టించాడు, పొద్దున మీటింగులో మాత్రం "తొంభై శాతం అయిపోయింది సార్" అంటూ వచ్చాడు. లైన్ అప్పగించే రోజున ఆపరేషన్స్ వాళ్ళు పంచ్ లిస్టు (మిగిలిపోయిన పనుల జాబితా) రాసుకుంటూ పైప్ ర్యాక్ ఎక్కారు. వాల్వ్ ఉండాల్సిన చోట డమ్మీ స్పూల్, అంటే తాత్కాలికంగా పెట్టిన పైపు ముక్క, అలాగే ఉంది. కుర్రాడి చేతిలో పర్మిట్ కాగితం వణుకుతోంది. క్లయింట్ స్టోర్స్ ఇన్‌ఛార్జి అక్కడే నిలబడి అన్నాడు: "బాబూ, ఇదే సైజు, ఇదే రేటింగ్ స్పేర్ మా స్టోర్‌లోనే ఉంది కదా. అడిగుంటే ఆ రోజే ఇచ్చేవాళ్ళం."

తర్వాత టీ దగ్గర అడిగాను, ఎందుకు చెప్పలేదని. "మొదటి వారంలో ఒక ఫోర్‌మన్ లేటని చెబితే అందరి ముందూ కడిగేశారు సార్. అది చూశాక నాకు నోరు రాలేదు" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు.

ఈ మాట పైవాళ్ళూ వినాలి. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకి ముక్కలై ఏడుగురు చనిపోయారు. ఇంత చలిలో రాకెట్ జాయింట్లలోని ఓ-రింగులను (రబ్బరు సీళ్ళను) నమ్మలేం, ప్రయోగం వాయిదా వేయండని ఇంజినీర్లు ముందురోజు రాత్రే చెప్పారు. మేనేజర్లు ఒప్పుకోలేదు. మన సైట్లలో అంత ఘోరం జరగకపోవచ్చు. కానీ మీటింగులో కసిరిన ప్రతిసారీ, తర్వాతి కబురు మీ దాకా రావడం ఇంకాస్త లేటవుతుంది.

ఎలా చెప్పాలి? "సార్, కొంచెం ప్రాబ్లమ్ ఉంది" అని నసగొద్దు. "వాల్వ్ రిజెక్ట్ అయింది. కొత్తది రావడానికి పది రోజులు. క్రిటికల్ పాత్ మీదే ఉంది కాబట్టి హ్యాండోవర్ తేదీ వెనక్కి పోతుంది. క్లయింట్ దగ్గర స్పేర్ అడగొచ్చు, లేదా పాతది సర్వీస్ చేయించొచ్చు. రేపు మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పండి." ఇంతే. (క్రిటికల్ పాత్ అంటే, అందులో ఏది లేటైనా మొత్తం పని లేటయ్యే వరస.) తొంభై శాతం అనే మాట మాత్రం మానేయండి. ఎన్ని జాయింట్లు వెల్డయ్యాయి, ఎన్ని రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి పరీక్ష) పాసయ్యాయి, ఎన్ని లూప్‌లు హైడ్రోటెస్ట్ (నీళ్ళ ప్రెషర్ పరీక్ష) అయ్యాయి, ఆ లెక్క చెప్పండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మనుషుల్ని పెంచితే పని అందుకుంటుందంటారు. గోతులు తవ్వడానికైతే సరే. ఒకరి పని మీద ఇంకొకరి పని ఆధారపడిన చోట మంది ఎక్కువైతే మజ్జిగ పలచనే. అయిదుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45. పైగా కొత్తవాళ్ళకి పని నేర్పేది, ఆ వెనకబడ్డ పాతవాళ్ళే.

మంచి వెల్డరే మంచి ఫోర్‌మన్ అవుతాడన్నదీ తప్పే. అవి రెండు వేరే పనులు, రెండోది నేర్పాలి.

ప్లాన్‌లో బఫర్ పెడితే బద్ధకమట! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. అక్టోబర్, నవంబర్‌లలో క్రేన్ పని పెట్టుకుని వానకి, గాలికి రోజులు వదలకపోతే అది ప్లానే కాదు.

ఇప్పటికే ఏదో దాచిపెట్టి, ఇది చదువుతూ టెన్షన్ పడుతున్నవాళ్ళకి ఒక మాట. పొద్దున మీటింగు దాకా ఆగకండి. ఈ రాత్రే బాస్‌కి విడిగా ఫోన్ చేయండి. ఎందుకు దాచారన్న సంజాయిషీ తర్వాత. ఏది ఆగింది, ఎన్ని రోజులు, మీకేం కావాలి, ముందు ఇవి చెప్పండి.