ఫోన్ లైనులో దిగిన ఆటలు: తొలినాటి కన్సోల్ డౌన్‌లోడ్ సేవలపై అపోహలు - వాస్తవాలు

పాత కన్సోళ్ల ప్రస్తావన వస్తే చాలు, డౌన్‌లోడ్ సేవల గురించి అవే నాలుగు మాటలు తిరిగి తిరిగి వినిపిస్తాయి. కొన్ని సగం నిజం, కొన్ని పూర్తిగా తప్పు. ఒకటి రెండు మాత్రం నమ్మితే చేతిలో ఉన్న యంత్రం కాలిపోయే రకం. వాటిని చివర్లో చెప్పాం, అక్కడిదాకా ఓపిక పట్టండి.

అపోహ: కన్సోల్లోకి ఆటను డౌన్‌లోడ్ చేసుకోవడం బ్రాడ్‌బ్యాండ్ వచ్చాకే మొదలైంది.

అమెరికాలో అటారి 2600కి 1983లోనే గేమ్‌లైన్ అనే సేవ ఉంది. విలియం వాన్ మీస్టర్ స్థాపించిన కంట్రోల్ వీడియో కార్పొరేషన్ దాన్ని నడిపింది. మాస్టర్ మాడ్యూల్ అనే వెండిరంగు కార్ట్రిడ్జ్ కొనుక్కోవాలి. మామూలు కార్ట్రిడ్జ్ కంటే అది పెద్దది, పక్కనే ఫోన్ వైరు గుచ్చే జాక్. ధర 49.95 డాలర్లు, సభ్యత్వానికి ఇంకో 15. పల్స్ డయలింగూ చేసేది, టోన్ డయలింగూ చేసేది. దానికంటే ముందే మాటెల్ కన్సోల్ ఇంటెలివిజన్‌కి ప్లేకేబుల్ అనే సేవ వచ్చింది. కాకపోతే అది ఫోన్ మీద కాదు, కేబుల్ టీవీ వైరు మీద నడిచింది.

అపోహ: ఆ మోడెమ్‌లతో ఒక్క ఆట దిగాలంటే రాత్రంతా పట్టేది.

లెక్క వేసి చూద్దాం. అటారి 2600 ఆట చాలావరకు 4 కిలోబైట్లు, అంటే 4096 బైట్లు. ఒక్కో బైటుకి ముందొక స్టార్ట్ బిట్, వెనకొక స్టాప్ బిట్ కలిపితే పది బిట్లు. సెకనుకు 1200 బిట్ల మోడెమ్ మీద మొత్తం 34 సెకన్లు. టీ కప్పు చేతికొచ్చేలోపే ఆట సిద్ధం. జపాన్‌లో సెగా కన్సోల్ మెగా డ్రైవ్ ఆటలకు ఇంకాస్త ఎక్కువ పట్టేది. సెకనుకు 2400 బిట్ల లెక్కన 128 కిలోబైట్లకు తొమ్మిది నిమిషాలు. అందుకే అక్కడి మెగానెట్ సేవలో ఆటల్ని 128 కిలోబైట్లు దాటనివ్వలేదు.

ఇక్కడే ఇంకో చిన్న తప్పు కూడా దిద్దుకోవాలి. ‘1200 బాడ్ మోడెమ్’ అని అందరూ అనేస్తారు. బెల్ 212ఏ, వి.22 అనే మోడెమ్ పద్ధతుల్లో లైను మీద నడిచేది 600 బాడ్ మాత్రమే, అంటే సెకనుకు 600 సంకేతాలు. ఒక్కో సంకేతంలో తరంగం ఫేజ్ (అల ఏ దశలో ఉందన్నది) నాలుగు రకాల్లో ఒక రకంగా మారుతుంది కాబట్టి సంకేతానికి రెండు బిట్లు వస్తాయి, అలా 1200 బిట్లు. వి.22 బిస్‌లోనూ 600 బాడే, సంకేతానికి నాలుగు బిట్లు వేసి 2400 తెచ్చారు. అక్కడ ఫేజ్‌తో పాటు తరంగం ఎత్తు కూడా మారుతుంది. రెండిటిలోనూ డేటా ఫేజ్ మీద ఆధారపడి ఉందన్న సంగతి గుర్తుంచుకోండి, రిపేరు దగ్గర పనికొస్తుంది.

అపోహ: అసలు అడ్డంకి నెమ్మదైన ఫోన్ లైనే.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే. లైను కంటే, వచ్చిన ఆటను పెట్టుకునే చోటే పెద్ద అడ్డంకి. అప్పట్లో ర్యామ్ ఖరీదైన సరుకు. ప్లేకేబుల్ అడాప్టర్‌లో మెమరీ కొద్దిగా ఉండేది. తర్వాత వచ్చిన పెద్ద ఆటలు అందులో పట్టలేదు. కొత్త ఆటలు ఇవ్వలేని సేవకి నెలనెలా ఎవరు కడతారు? 1983లో అది ఆగిపోయింది.

అటారి 2600 తిప్పలు ఇంకో రకం. దాని కార్ట్రిడ్జ్ స్లాట్‌లో 24 పిన్నులు ఉంటాయి: డేటాకి 8, అడ్రస్‌కి 13, ఐదు వోల్టులకి ఒకటి, గ్రౌండ్‌కి రెండు. అంతే. చదువుతున్నామా, రాస్తున్నామా అని చెప్పే తీగ అందులో లేదు. క్లాక్ కూడా బయటికి రాదు. చదవడానికి మాత్రమే పనికొచ్చే రోమ్ పెడతారని చేసిన స్లాట్ అది. అందులో ర్యామ్ పెట్టాలంటే ఒకే బైటుకి రెండు అడ్రస్‌లు కేటాయించాలి, రాయడానికి ఒకటి, చదవడానికి ఒకటి. అటారి సొంత 128 బైట్ల సూపర్‌చిప్ చేసింది కూడా ఇదే: మొదటి 128 అడ్రస్‌లు రాయడానికి, తర్వాతి 128 చదవడానికి. ప్రోగ్రామ్ పొరపాటున ‘రాసే’ అడ్రస్‌ని చదివిందంటే, ఆ క్షణంలో డేటా తీగల మీద ఏ చెత్త ఉంటే అది ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. ఇలాంటి కార్ట్రిడ్జ్‌లో ఆట కాసేపు బాగా ఆడి ఉన్నట్టుండి చెడిపోతే చిప్‌ని అనుమానించే ముందు దీన్ని అనుమానించండి.

పైగా 2600కి ఫ్రేమ్ బఫర్ (తెర బొమ్మ మొత్తాన్ని దాచుకునే మెమరీ) లేదు. తెర మీద ప్రతి గీతా ప్రాసెసర్ దగ్గరుండి గీయించాల్సిందే, గీతకి 76 సైకిళ్లు. 1200 వేగంలో ఒక బిట్ 833 మైక్రోసెకన్లు ఉంటుంది, అంటే దాదాపు 13 గీతల కాలం. 262 గీతల ఒక ఫ్రేములో సరిగ్గా రెండు బైట్లు దిగుతాయి. చూడండి, ఫోన్ లైను ఎంత నిదానమైనా ప్రాసెసర్‌కి ఊపిరి తీసుకునే సందు ఎంత తక్కువో.

అపోహ: ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే ఆట మనదే.

గేమ్‌లైన్‌లో దిగిన ఆట సాధారణంగా 5 నుంచి 10 సార్లు ఆడనిచ్చేది. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేసి మళ్లీ డబ్బు కట్టాలి. సెగా మెగానెట్ (జపాన్, 1990 నవంబర్) ఇంకా కఠినం. 12,800 యెన్‌ల మెగా మోడెమ్, నెలకు 800 యెన్‌లు, ‘గేమ్ తోషోకాన్’ అనే కార్ట్రిడ్జ్. తోషోకాన్ అంటే గ్రంథాలయం. పేరుకి తగ్గట్టే పుస్తకం ఇంటికి ఇవ్వరు, అక్కడే చదువుకోవాలి. స్విచ్ ఆపితే ఆట పోతుంది, మళ్లీ ఆడాలంటే మళ్లీ దించుకోవాలి. జపాన్‌లో లోకల్ కాల్ మూడు నిమిషాలకు 10 యెన్‌లు. దించుకున్న ప్రతిసారీ మీటరు తిరిగేది. లోకల్ కాల్‌కి పల్సులు లెక్కపెట్టుకున్న మన తరానికి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: సెగా ఛానల్, సాటెల్లావ్యూ కూడా మోడెమ్ సేవలే.

రెండిటికీ ఫోన్ అక్కర్లేదు. 1994 చివర్లో అమెరికాలో మొదలై 1998 దాకా నడిచిన సెగా ఛానల్ కేబుల్ టీవీ మీద వచ్చింది. నింటెండో సాటెల్లావ్యూ (జపాన్, 1995-2000) ఉపగ్రహం మీద. ఈ తేడా పేరులోది కాదు, పనితీరులోది. ఫోన్ మోడెమ్‌లో మాట్లాడేది ఇద్దరు: ఒక బ్లాక్ చెడితే ఈ వైపు ‘మళ్లీ పంపు’ అని అడుగుతుంది, ఆ వైపు పంపుతుంది. కేబుల్‌లో అడిగే వీలు లేదు. ఆటలన్నీ రంగులరాట్నంలా తిరుగుతూనే ఉంటాయి, మనకు కావలసింది ఎదురుగా వచ్చినప్పుడు అడాప్టర్ పట్టుకోవాలి. చెడిన ముక్క కోసం ఇంకో చుట్టు ఆగాలి. కేబుల్ లైనులో నాయిస్ ఎక్కువున్న ఊళ్లలో ఈ సేవ కోసం ఆపరేటర్లు ముందు సిగ్నల్ శుభ్రం చేసుకోవాల్సి వచ్చిందంటే కారణం ఇదే.

సెగా ఛానల్ అడాప్టర్‌లో 4 మెగాబైట్ల ర్యామ్ ఉండేది. నెలకు 50 దాకా ఆటలు తిప్పేవాళ్లు. అయినా కరెంటు తీస్తే ఆట పోవడం మాత్రం మెగానెట్ నాటిదే. సాటెల్లావ్యూ ఒక్కటే దీనికి అసలైన మందు కనిపెట్టింది: ఒక మెగాబైట్ ఫ్లాష్ ఉన్న మెమరీ ప్యాక్. కరెంటు పోయినా ఆట నిలబడింది.

అపోహ: ఎక్స్‌బ్యాండ్‌లోనూ, ఫామికామ్ మోడెమ్‌లోనూ ఆటలు డౌన్‌లోడ్ అయ్యేవి.

ఎక్స్‌బ్యాండ్‌కి (1994) మీ ఆట కార్ట్రిడ్జ్ దానిపైన గుచ్చాల్సిందే. అది చేసేది అవతలి ఆటగాణ్ని వెతికి ఇద్దరి కంట్రోలర్ నొక్కుళ్లు ఇచ్చిపుచ్చుకోవడమే. నింటెండో 1988లో నోమురా సెక్యూరిటీస్‌తో కలిసి తెచ్చిన ఫామికామ్ మోడెమ్ ముఖ్యంగా షేర్ల వ్యాపారానికి. తర్వాత గుర్రప్పందేలకు బాగా అక్కరకొచ్చింది.

అపోహ: సాంకేతికంగా పనిచేయక గేమ్‌లైన్ మూతపడింది.

యంత్రం బాగానే పనిచేసింది. సరుకే లేదు. యాక్టివిజన్, అటారి, కొలెకో, మాటెల్, పార్కర్ బ్రదర్స్ తమ ఆటలు ఇవ్వలేదు. ఇమాజిక్ లాంటి కొద్దిమందే ఒప్పుకున్నారు. అదే ఏడాది అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కూలింది, దుకాణాల్లో కార్ట్రిడ్జ్‌లు కారుచౌకగా దొరుకుతుంటే అద్దెకి దించుకునేదెవరు? అక్కడి మనుషులు మాత్రం మిగిలారు: జిమ్ కిమ్సీ, మార్క్ సెరిఫ్, మార్కెటింగ్ కోసం వచ్చిన స్టీవ్ కేస్. 1985లో వాళ్లే క్వాంటం కంప్యూటర్ సర్వీసెస్ పెట్టి కమొడోర్ 64కి క్యూ-లింక్ తెచ్చారు. 1991లో ఆ కంపెనీ పేరు అమెరికా ఆన్‌లైన్ అయింది.

అపోహ: మెగా మోడెమ్ కొంటే ఏ మెగా డ్రైవ్‌కైనా తగిలించొచ్చు.

వెనకవైపు ఈఎక్స్‌టీ అని రాసిన 9 పిన్నుల పోర్టు ఉంటేనే. అది మొదటి మోడల్ తొలి బ్యాచ్‌ల్లోనే ఉంది, అదే మోడల్ తర్వాతి బ్యాచ్‌ల్లో తీసేశారు, రెండో మోడల్లో అసలు లేదు. మెగా డ్రైవ్ కంట్రోలర్ పోర్టులన్నిటికీ సీరియల్ పద్ధతి ఉంది. 300, 1200, 2400, 4800 బిట్లు, ఈ నాలుగే వేగాలు. కాబట్టి ఈ పోర్టుకి కొత్త మోడెమ్ తగిలించి 56 వేల వేగం లాగుదామన్న ఆలోచన మొదట్లోనే ఆగిపోతుంది.

కరెంటు దగ్గర ఇంకా జాగ్రత్త. జపాన్ మెగా డ్రైవ్ అడాప్టర్ 100 వోల్టులది. మన 230 వోల్టుల సాకెట్లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా మొదటి మోడల్‌కైతే 9 వోల్టుల, 1.2 ఆంపియర్ల, నడిమి పిన్ను నెగటివ్ ఉన్న డీసీ అడాప్టర్ పెట్టండి. మన బజార్లో దొరికే అడాప్టర్లలో నడిమి పిన్ను ఎక్కువగా పాజిటివ్. మీటరు పెట్టి చూడకుండా గుచ్చొద్దు.

అపోహ: ఇంటర్నెట్ ఫోన్ బాక్సుకి తగిలిస్తే పాత మోడెమ్ పనిచేసేస్తుంది.

డయల్ టోన్ వస్తుంది, కనెక్షన్ నిలబడదు. కారణం పైన చెప్పిన ఫేజే. జి.729 లాంటి కోడెక్‌లు (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతులు) మనిషి గొంతుని నమూనాగా కట్టి పంపుతాయి. చెవికి తేడా తెలియదు, ఫేజ్ మాత్రం చెదిరిపోతుంది. బాక్సులో ఇవి మార్చండి: కోడెక్ జి.711 ఒక్కటే ఉంచండి, నిశ్శబ్దాన్ని కోసేసే సెట్టింగూ ఎకో క్యాన్సిలరూ ఆపండి, ప్యాకెట్ల రాకలో తేడాల్ని సర్దే జిట్టర్ బఫర్ స్థిరంగా పెట్టండి. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్ ఒక్కటి పోయినా 2400 వేగంలో 48 బిట్లు పోయినట్టే, ఆ బ్లాక్ మొత్తం చెడినట్టే.

మోడెమ్ డయల్ చేస్తున్నా బాక్సు పట్టించుకోకపోతే అది పల్స్ డయలింగ్ అయివుండొచ్చు. చాలా బాక్సులకు పల్స్ తెలియదు. లైనుకి సమాంతరంగా ఒక మామూలు ఫోన్ తగిలించి వినండి: టకటకమంటే పల్స్, పీ-పీ అంటే టోన్. అసలేమీ వినిపించకపోతే లైను వోల్టేజి చూడండి. పెట్టి ఉన్నప్పుడు 48 వోల్టుల చుట్టుపక్కల ఉండి, మోడెమ్ ఎత్తగానే పది లోపుకి పడాలి. పడకపోతే లోపల లైను పట్టుకునే రిలేనో, దాని దగ్గరి భాగాలో పోయినట్టు. వినికిడి కోసం తగిలించిన ఫోన్ని ఆ తర్వాత తీసేయండి. ఇంట్లో ఎవరో రిసీవర్ ఎత్తితే కనెక్షన్ తెగడం 1983లోనూ అంతే, ఇప్పుడూ అంతే.

అపోహ: ఆ ఆటలన్నీ ఎప్పుడో పోయాయి.

మెగానెట్ ఆటల్లో కొన్నిటిని సెగా 1994లో ‘గేమ్ నో కంజుమే’ పేరుతో రెండు మెగా-సీడీ డిస్కుల్లో ఇచ్చింది. సాటెల్లావ్యూవి చాలావరకు పాత మెమరీ ప్యాక్‌ల నుంచే బయటపడ్డాయి, ఇప్పటికీ ప్యాక్‌లు చేతులు మారుతుంటాయి. మీ చేతికి ఒకటి వస్తే ముందుగా కన్సోల్లో పెట్టి ఆడి చూడొద్దు. కొన్ని ఆటలకు ఇన్నిసార్లే అన్న పరిమితి ఉంది. ఆ లెక్క ప్యాక్‌లోనే, ఆట వివరాలుండే హెడర్లో బిట్ల రూపంలో ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ ఒక బిట్ 1 నుంచి 0కి పడుతుంది. ఫ్లాష్‌లో 0 అయిన బిట్‌ని విడిగా తిరిగి 1 చేయలేం, బ్లాక్ మొత్తం చెరిపేస్తేనే కుదురుతుంది. అందుకని ముందు డంపర్‌తో (ప్యాక్‌లోని డేటాని ఫైలుగా తీసే పరికరం) కాపీ తీయండి. రెండోసారి తీసి రెండు ఫైళ్లనూ పోల్చండి. తేడా వస్తే పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మూడోసారి తీయండి. రెండు కాపీలు అక్షరం పొల్లు పోకుండా కలిశాకే ప్యాక్‌ని కన్సోల్లో పెట్టండి.