‘ది పబ్లిక్ ఎనిమీ’: డిస్కులో కనిపించే మసక వెనుక చరిత్ర

1931 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన వార్నర్ బ్రదర్స్ చిత్రం ‘ది పబ్లిక్ ఎనిమీ’ గురించి పాత చిత్రాల అభిమానులు మాట్లాడుకునేటప్పుడు, చర్చ జేమ్స్ కాగ్నీ నటనతో మొదలై తరచు బ్లూ-రే (డీవీడీకన్నా స్పష్టమైన బొమ్మనిచ్చే డిస్కు) బొమ్మ నాణ్యత దగ్గర ముగుస్తుంది. ఒక షాటు స్పష్టంగా ఉండి పక్క షాటు మసకబారడం, తెరంతా సన్నని రేణువులు కదలడం, మాటల వెనుక ఎడతెగని బుస వినిపించడం చూసి, కంపెనీ ఖర్చుకు వెనుకాడి తూతూమంత్రంగా పని కానిచ్చిందని కొందరు నిందిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంటే ఉండవచ్చు గాని, ఈ లోపాల్లో ఎక్కువ భాగం డిస్కు తయారైన చోట పుట్టినవి కావు. అవి ఆ చిత్రం విడుదలైన తర్వాతి దశాబ్దాల్లో దాని నెగటివ్‌కు (కెమెరాలో చిత్రీకరించిన అసలు ఫిల్మ్), ప్రింట్లకు (థియేటర్లలో ఆడించే నకళ్లు), హక్కులకు ఏం జరిగిందన్న దాని నుంచి వచ్చినవి.

అమెరికాలో మద్యనిషేధం ఇంకా అమల్లో ఉండగా, దొంగసారా వ్యాపారంతో ఎదిగిన షికాగో ముఠాల వార్తలు పత్రికల నిండా ఉన్న రోజుల్లో ఈ చిత్రం తయారైంది. జాన్ బ్రైట్, క్యూబెక్ గ్లాస్‌మన్ కలిసి రాసిన, అచ్చుకు నోచుకోని ‘బీర్ అండ్ బ్లడ్’ అనే నవల దీనికి ఆధారం. దర్శకుడు విలియం వెల్‌మన్. మొదట కథానాయకుడు టామ్ పవర్స్ పాత్రకు ఎడ్వర్డ్ వుడ్స్‌ను, అతని స్నేహితుడి పాత్రకు కాగ్నీని అనుకుని, తర్వాత ఇద్దరి పాత్రలనూ తారుమారు చేశారు. అదే ఏడాది జనవరిలో వచ్చిన ‘లిటిల్ సీజర్’తో కలిసి ఈ చిత్రం గ్యాంగ్‌స్టర్ కథలకు ఒక ఒరవడి పెట్టింది.

హాలీవుడ్ తనకు తాను విధించుకున్న నీతి నియమావళి 1930లోనే కాగితం మీదికి ఎక్కినా, అది నిజంగా కరుకుగా అమలైంది 1934 జులై నుంచి, జోసెఫ్ బ్రీన్ నడిపిన కార్యాలయం చేతిలో. కొత్త చిత్రాలకే కాదు, మళ్లీ విడుదల చేసే పాత చిత్రాలకు కూడా ఆ కార్యాలయం ముద్ర కావలసి వచ్చింది. 1941లో ‘ది పబ్లిక్ ఎనిమీ’ని మళ్లీ థియేటర్లకు పంపాలనుకున్నప్పుడు మూడు చోట్ల కత్తెర పడింది: ఆడంగితనం కనబరిచే దర్జీ టామ్‌కు సూటు కొలతలు తీసే ఘట్టం, టామ్ స్నేహితుడు మ్యాట్ తన ప్రియురాలితో పడకమీద ఉన్న దృశ్యం, ప్రత్యర్థి ముఠా కంటపడకుండా దాక్కున్న టామ్‌ను ముఠా నాయకుడి ప్రియురాలు లోబరుచుకునే భాగం. నిమ్మజాతికి చెందిన ‘గ్రేప్‌ఫ్రూట్’ అనే పండు చెక్కను నటి మే క్లార్క్ ముఖానికేసి రుద్దే ప్రఖ్యాత దృశ్యం మాత్రం నిలిచింది. ఆడదాని మీద దౌర్జన్యం ఉంచి దర్జీ హావభావాలు తీసేసిన ఆ తర్కం ఈనాటి ప్రేక్షకుడికి అంతుపట్టదు.

నాణ్యత చర్చకు అసలు మూలం ఈ కత్తిరింపుల పద్ధతిలో ఉంది. మళ్లీ విడుదలల కోసం మార్పులు చేసేటప్పుడు ఆ కాలపు స్టూడియోలు చాలాసార్లు నకలును కాకుండా అసలు కెమెరా నెగటివ్‌నే కోసేవి. తీసిన ముక్కను దాచిపెట్టడం వల్ల లాభమేమీ కనిపించేది కాదు, ఎందుకంటే థియేటర్‌లో ఆట ముగిసిన పాత చిత్రానికి ఇంకో బతుకు ఉంటుందని అప్పట్లో ఎవరూ లెక్కవేసుకోలేదు. ఒకసారి అలా పోయిన భాగాన్ని తర్వాత చేర్చాలంటే, మొదటి విడుదల నాటి ప్రింటు ఎక్కడైనా దొరకాలి. ఆ ప్రింటు ప్రొజెక్టర్ పళ్లచక్రాల మీద ఎన్నో ఆటలు తిరిగి గీతలు పడి ఉంటుంది. పైగా నెగటివ్ నుంచి పాజిటివ్, పాజిటివ్ నుంచి నకలు నెగటివ్, దాన్నుంచి మళ్లీ ప్రింటు అంటూ తరం మారినకొద్దీ వివరం కరిగిపోయి, నలుపు తెలుపుల మధ్య ఉండే బూడిదరంగు ఛాయలు తగ్గిపోతాయి. అందుకే చేర్చిన ముక్క పక్కనున్న దానితో కలవదు.

కత్తెరతో సంబంధం లేని మసక కూడా ఒకటుంది. ఒక దృశ్యం కరిగి మరొకటిగా మారే చోట, అంటే డిజాల్వ్‌లలో, ఆ మార్పును అప్పట్లో నకలు నెగటివ్ మీదే తయారుచేసి అసలు దానిలో అతికించేవారు. ఆ కొద్ది అడుగుల ఫిల్మ్ 1931లో మొదటి ఆట నాడే పక్కవాటికన్నా ఒక తరం వెనుక ఉంది. దీన్ని డిస్కు లోపంగా లెక్కించడం అన్యాయం.

1954లో ‘లిటిల్ సీజర్’తో జతచేసి ఈ చిత్రాన్ని మరోసారి విడుదల చేసినప్పుడు, ఈ రెండు కథల్లోని నాయకులు సమాజానికి పీడ అని హెచ్చరించే ముందుమాట ఒకటి తగిలించారు. ఆ తర్వాత రెండేళ్లకే హక్కులు చేతులు మారాయి. 1950కి ముందటి తన చిత్రాలను వార్నర్ సంస్థ 1956లో 2 కోట్ల 10 లక్షల డాలర్లకు అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ ప్రొడక్షన్స్‌కు అమ్మేసింది. కొన్నవారికి టెలివిజన్ మీద కన్ను. అక్కడికి వెళ్లినవి 16 మిల్లీమీటర్ల చిన్న ప్రింట్లు. ఒక తరం అమెరికన్ ప్రేక్షకులు కాగ్నీని చూసింది ఆ కత్తిరించిన, కుదించిన రూపంలోనే. 1958లో ఈ భాండారం యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు చేరింది. సులువుగా అంటుకునే, కాలం గడిచేకొద్దీ తనంతట తానే కుళ్లిపోయే నైట్రేట్ నెగటివ్‌లను ఆ సంస్థ 1969లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. ఇంతకుముందు చెప్పుకున్న నష్టాలన్నిటి మధ్య జరిగిన మేలు ఏదైనా ఉంటే అదే.

తర్వాత ఎంజీఎం స్టూడియో, 1986లో టెలివిజన్ వ్యాపారి టెడ్ టర్నర్, 1996లో వార్నర్ బ్రదర్స్ మాతృసంస్థ టైమ్ వార్నర్ అంటూ హక్కుల ప్రయాణం సాగి, పుట్టింటికి చేరడానికి 40 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా వీడియో హక్కులు 1999 దాకా ఎంజీఎం దగ్గరే ఉండిపోయాయి. వార్నర్ 2005 జనవరిలో ఆరు గ్యాంగ్‌స్టర్ చిత్రాల డీవీడీ పెట్టెను తెచ్చినప్పుడు, 1941లో పోయిన దృశ్యాలు మళ్లీ చిత్రంలో కనిపించాయి. 1954 నాటి ముందుమాటను విడిగా అందించారు. అభిమానులకు అది పండుగే. 2013లో బ్లూ-రే వచ్చాక మాత్రం ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, ఎందుకంటే డీవీడీలో ఉన్న 480 గీతల బొమ్మ దాచిపెట్టిన తేడాలను 1080 గీతల బొమ్మ బయటపెట్టింది.

రేణువుల సంగతి వేరు. గ్రెయిన్ అనేది ఫిల్మ్ మీద పడ్డ మురికి కాదు, బొమ్మ ఏర్పడిందే వెండి రేణువులతో. దాన్ని కంప్యూటర్‌తో తుడిచేస్తే చర్మం మైనంలా నునుపెక్కి, కోటు నేత, గోడ గరుకు రెండూ మాయమవుతాయి. శబ్దానికీ ఇదే వర్తిస్తుంది, కొంచెం ఎక్కువగానే వర్తిస్తుంది. ఈ చిత్రంలో నేపథ్య సంగీతం దాదాపు లేదు; పాటలు, వాయిద్యాలు కథలోని గదుల్లోంచే వినిపిస్తాయి. చివరి ఘట్టంలో గ్రామఫోను మీద పాట అయిపోయాక కూడా ముల్లు గాడిలో గరగరమంటూ తిరుగుతూనే ఉంటుంది. వెల్‌మన్ ఉద్దేశపూర్వకంగా ఉంచిన శబ్దమది. బుసను వదిలించే ఫిల్టర్‌ను గుడ్డిగా వాడితే ఆ గరగర కూడా దెబ్బతింటుంది. కాబట్టి బుస కాస్త మిగిల్చిన డిస్కునే నేను మెచ్చుకుంటాను.

ఇదే కాలపు ‘స్కార్‌ఫేస్’తో పోల్చి చూస్తే యాజమాన్యం ప్రభావం ఇంకా తేటపడుతుంది. హోవార్డ్ హాక్స్ దర్శకత్వంలో హోవార్డ్ హ్యూస్ నిర్మించిన ఆ చిత్రం సెన్సారు బోర్డులతో పెనుగులాడి 1932లో విడుదలైంది; వారిని శాంతింపజేయడానికి నాయకుణ్ని ఉరితీసే మరో ముగింపు తీశారు, అందులో నాయక పాత్రధారి పాల్ ముని లేడు, బదులు మనిషితో కానిచ్చారు. తర్వాత హ్యూస్ చిత్రాన్ని ప్రదర్శనల నుంచి ఉపసంహరించి, 1976లో మరణించేదాకా తన గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. 1979లో యూనివర్సల్ హక్కులు కొన్నాకే అది మళ్లీ సక్రమంగా జనానికి అందింది. 2024లో, పాత చిత్రాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ దాన్ని బ్లూ-రేకన్నా స్పష్టమైన 4కే డిస్కుగా తెచ్చింది.

అభిమానులు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ‘పునరుద్ధరించిన ప్రతి’ అని అట్టమీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే కంపెనీలు, ఏ భాగాన్ని అసలు నెగటివ్ నుంచి, ఏ భాగాన్ని ఏ తరం ప్రింటు నుంచి తీసుకున్నారో అరుదుగా చెబుతాయి. ఆ వివరం ఒక్క పేజీలో రాసిపెడితే, ఏ మసక 1931 నాటిదో, ఏది 1941 కత్తెరదో, ఏది నిజంగా డిస్కు తయారీలో జరిగిన అశ్రద్ధో కొన్నవాళ్లు తామే తేల్చుకోగలుగుతారు.