ప్రీ-కె ఫారంలో ‘తెలుగు’ అని రాయడానికి భయపడకండి

డాలస్ పక్కన ఒక పబ్లిక్ ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) బడిలో పిల్లల్ని చేర్చుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. మనవాళ్ళ నోట ఏటా వినే మాటలివి.

అపోహ: అది పేదల బడి, మాకు రాదు.
టెక్సస్ చట్టంలో ఆదాయం ఒక దారి మాత్రమే. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండి, ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలకి ఉచితం. అమ్మానాన్నల జీతంతో పనిలేదు. మిలిటరీవాళ్ళ పిల్లలకి, ఫోస్టర్ కేర్‌లో (కన్నవాళ్ళ దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో) ఉన్న పిల్లలకి, ఇల్లు లేనివాళ్ళకి కూడా హక్కుంది. అర్హులైన నాలుగేళ్ళ పిల్లలు 15 మంది ఉంటే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ బడుల్ని నడిపే సంస్థ) క్లాసు పెట్టి తీరాలి.

అపోహ: ఇంటిభాష తెలుగు అని రాస్తే పిల్లని తక్కువగా చూస్తారు.
నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒకమ్మాయి ఫారంలో ‘ఇంగ్లీషు’ అని రాస్తోంది. పాప ఆమె చున్నీ పట్టుకుని, ‘అమ్మా, దాహమేస్తోంది’ అంటోంది. ‘ఇంట్లో ఏది మాట్లాడతారో అదే రాయమ్మా’ అన్నాను. ‘వెనకబడిందనుకుంటారేమో అక్కా’ అంది. అనుకోరు. అలా రాస్తే పిల్లకి నోటితో చిన్న పరీక్ష పెడతారు. ఎంత సాయం కావాలో తెలుసుకోవడానికే అది. ఆ పాపకి సీటు వచ్చింది. ‘ఇంగ్లీషు’ అని ఉంటే ఆ దారి మూసుకుపోయేది. అలాగని ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లకి తెలుగు అని రాస్తే సీటు రాదు, పరీక్షలో తెలిసిపోతుంది.

అపోహ: వీసా కాగితాలు చూపించాలి.
అడగం. వలస కాగితాలు లేవని పిల్లల్ని పబ్లిక్ బడికి రానివ్వకపోవడం కుదరదని చెప్పిన 1982 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పుకి మూలమైన కేసు పుట్టింది మా టెక్సస్‌లోని టైలర్ ఊళ్ళోనే. పుట్టిన తేదీ, చిరునామా, టీకాల కాగితాలు తెండి చాలు.

అపోహ: అమెరికాలో ఉన్న ఇండియన్లం కాబట్టి ఫారంలో జాతి అడిగేచోట ‘అమెరికన్ ఇండియన్’ గడి మాదే.
అది ఈ నేల మూలవాసులది. మనది ‘ఏషియన్’. ఖాళీగా వదిలేస్తే బడి సిబ్బందే చూసి రాయాలి. నాలుగేళ్ళ బిడ్డ ముఖం చూసి జాతి రాయడానికి నాకు చెయ్యి రాదు. దయచేసి మీరే నింపండి.

అపోహ: ప్రీ-కెయే కదా, నెల రోజులు ఊరెళ్ళొచ్చినా ఫర్వాలేదు.
చేరిన రోజు నుంచీ హాజరు చట్టం వీళ్ళకీ వర్తిస్తుంది. బడికి డబ్బు వచ్చేది రోజువారీ హాజరు మీదే. సంక్రాంతికి టికెట్లు కొనేముందు ఆఫీసుకి ఒక్క ఫోన్ చేయండి.